ఆ గోడ ఊరికే నిలబడి లేదు

పోయిన నెల బాత్రూము టైల్సు మధ్య గ్రౌటు ఎందుకు నల్లబడుతుందో రాస్తే చాలామంది మెయిళ్ళు పంపారు. సంతోషం. కానీ అందులో సగం మంది అడిగింది గ్రౌటు గురించి కాదు. "వంటింటికీ హాలుకీ మధ్య గోడ తీసేస్తే ఎంతవుతుందండీ?" అని. అందుకని ఈ నెల గోడ సంగతే రాస్తున్నాను. ధర కంటే ముందు చెప్పాల్సిన కథ ఒకటుంది.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నా గురించి రెండు ముక్కలు. నేను న్యూ జెర్సీలో ఇళ్ళ మరమ్మతులు చేసే కాంట్రాక్టర్ని. ఈ దేశం వచ్చింది మాత్రం అందరిలాగే కంప్యూటర్ ఉద్యోగానికే. గ్రీన్ కార్డు వచ్చిన రెండేళ్ళకి, 2009లో, ఉద్యోగం పోయింది. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక ఒక పెద్దాయన దగ్గర సాయానికి వెళ్ళాను. మళ్ళీ కీబోర్డు వైపు వెళ్ళలేదు. మా నాన్న నరసాపురం దగ్గర వడ్రంగి. బాడిశ, ఉలి, చిత్రిక చూస్తూ పెరిగినవాణ్ణి. "వీడు అమెరికా వెళ్ళి కూడా కొయ్యపనే చేస్తున్నాడు" అని మా ఊళ్ళో ఇప్పటికీ నవ్వుకుంటారు. నాన్న మాత్రం నవ్వలేదు. "పనిముట్లు మంచివి కొనుక్కో" అన్నారు. అంతే.

నా రోజు ఉదయం ఐదున్నరకి మొదలవుతుంది. కాఫీ తాగి వ్యాను ఎక్కేసరికి ఆరు. దారిలో చెక్కా స్క్రూలూ కొనుక్కుని, నా ఇద్దరు పనివాళ్ళని ఎక్కించుకుని ఏడున్నరకల్లా పనిలో ఉండాలి. వ్యానులో ఎన్ని కరెంటు మిషన్లున్నా, రోజుకి వందసార్లు చేతిలోకి వచ్చేది నడుముకి తగిలించుకునే టేపే. మీ ఇంట్లో టేపు ఉంటే ఒకసారి తీసి చూడండి. కొస నున్న కొక్కెం కొంచెం వదులుగా ఊగుతుంది. పాడైపోయిందనుకుని దాన్ని సుత్తితో బిగించేసిన మహానుభావులు నాకు తెలుసు. అది కావాలనే అలా పెడతారు. కొక్కెం మందం ఎంతో అంతే కదులుతుంది. చెక్క అంచుకి తగిలించి లాగితే బయటికి జరుగుతుంది, గోడకి ఆనించి నొక్కితే లోపలికి జరుగుతుంది. అప్పుడు రెండు కొలతలూ సరిగ్గా వస్తాయి. అదే టేపు మీద ప్రతి 16 అంగుళాలకీ ఎర్ర గుర్తు ఉంటుంది. ఇక్కడి ఇళ్ళ గోడల్లో నిలువు చెక్కలు మామూలుగా 16 అంగుళాలకొకటి ఉంటాయి కాబట్టి ఆ గుర్తు. వాటినే స్టడ్స్ అంటాం. టూ బై ఫోర్ అని పేరే గానీ కొలిస్తే ఒకటిన్నర అంగుళం, మూడున్నర అంగుళాలు. పేరుకీ కొలతకీ తేడా తెలియకుండా లెక్క వేస్తే మొదటి రోజే దొరికిపోతాం.

ఇక కథలోకి వస్తాను.

ఫిబ్రవరి మొదట్లో ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఎడిసన్ పక్కన ఇల్లు కొన్నారు. 1956లో కట్టిన కేప్ కాడ్ ఇల్లు. కింద హాలు, వంటిల్లు, రెండు గదులు. పైన వాలు కప్పు కింద ఇంకో రెండు గదులు. "అన్నా, వంటిల్లు ఇరుగ్గా ఉంది. మధ్య గోడ తీసేసి ఓపెన్ కిచెన్ చేద్దాం. కానీ గృహప్రవేశం పదకొండు రోజుల్లో ఉంది. మాఘమాసంలో మా పేర్లకి కుదిరిన ముహూర్తం అదొక్కటే" అన్నాడు.

వెళ్ళాను. ఇంట్లో అతనూ, అతని భార్యా, ఏడాదిన్నర పాపా, తెనాలి నుంచి వచ్చిన అతని తల్లిదండ్రులూ ఉన్నారు. పెద్దాయన తెనాలిలో మూడంతస్తుల ఇల్లు దగ్గరుండి కట్టించుకున్నవారు. నేను టేపు తీయకముందే గోడ మీద వేలి కణుపుతో కొట్టి చూపించారు.

"విను బాబూ, డొల్ల. అట్టముక్క. మా ఇంట్లో ఇటుక గోడనే మేస్త్రి ఒక పూటలో తీసి పారేశాడు. దీనికి పదకొండు రోజులెందుకు?"

ఆయన అన్నదాంట్లో ఆయన తప్పేమీ లేదు. మన దగ్గర ఇప్పుడు కడుతున్న ఇళ్ళు చాలావరకు పిల్లర్ల మీద నిలబడతాయి. సిమెంటు పిల్లర్లు, వాటి మీద బీములు, పైన శ్లాబు. బరువంతా పిల్లర్లదే. మధ్యలో ఇటుక గోడ గదుల్ని విడదీయడానికే. అది తీసినా శ్లాబుకి ఏమీ కాదు. ఇక్కడి చెక్క ఇళ్ళలో లెక్క వేరు. పిల్లర్లుండవు. కొన్ని గోడలే బరువు మోస్తాయి. చూడటానికి అన్ని గోడలూ ఒకేలా ఉంటాయి. తడితే అన్నీ డొల్లగానే మోగుతాయి.

"బాబాయి గారూ, ఒక్కసారి కిందకి రండి" అని బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళాను. ఇంటి పొడుగునా మధ్యలో ఒక లావుపాటి దూలం, దాని కింద ఇనుప స్తంభాలు. పైనున్న గోడ సరిగ్గా ఆ దూలం మీదే నిలబడి ఉంది. తర్వాత పైకెక్కి, వాలు కప్పు కిందున్న చిన్న తలుపు తీసి టార్చి వేసి చూపించాను. పైగదుల నేలని మోసే జాయిస్టులు ముందు వైపు నుంచి కొన్ని, వెనక వైపు నుంచి కొన్ని వచ్చి, సరిగ్గా ఆ గోడ నెత్తిన ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉన్నాయి.

"మన పెంకుటింట్లో అనుకోండి. ఈ జాయిస్టులు వాసాలు. ఈ గోడ దూలం. దూలం లాగేస్తే వాసాలు ఎక్కడ నిలబడతాయి?"

ఆయన చాలాసేపు టార్చి పట్టుకుని చూశారు. "అయితే మా ఇంట్లో పిల్లర్ చేసే పని ఇక్కడ గోడ చేస్తోందన్నమాట" అన్నారు. నేను పదిహేనేళ్ళుగా చెప్పలేకపోయిన మాట ఆయన ఒక్క వాక్యంలో చెప్పేశారు.

కానీ కొడుకు ఆ టార్చి వెలుగులో లేడు. కింద ఫోన్‌లో ఉన్నాడు. నేను దిగేసరికి, "అన్నా, ఇంకొకాయన రెండు రోజుల్లో తీసేస్తానంటున్నాడు. 4,500, క్యాష్. పర్మిట్ అక్కర్లేదట" అన్నాడు.

నా లెక్క ఇది. ఇంజినీరు వచ్చి చూసి గీసి ఇవ్వాలి. ఆ గీతలతో టౌన్‌షిప్‌లో పర్మిట్‌కి పెట్టాలి. న్యూ జెర్సీలో ఆ కాగితాలు చూడటానికి వాళ్ళకి 20 పని దినాల వరకు గడువుంది. గోడకి రెండు వైపులా తాత్కాలికంగా చెక్క గోడలు కట్టి, జాయిస్టుల్ని వాటి మీద నిలబెట్టి, అప్పుడు పాత గోడ తీసి, దూలం ఎక్కించాలి. అన్నీ కలిపి 14,000 చెప్పాను. పదకొండు రోజుల్లో అయ్యే పని కాదని కూడా చెప్పాను.

నిజం చెప్పాలంటే ఆ నెల నాకూ పని కావాలి. చలికాలంలో డెక్ పనులుండవు. వ్యాను ట్రాన్స్‌మిషన్ పోయి రెండు వారాలయింది. పనివాళ్ళిద్దరికీ శుక్రవారం జీతం ఇవ్వాలి. ఒక్క మాట తగ్గితే పని నాది. ఆ మాట అనలేకపోవడానికి కారణం చెబితే నా పరువు కొంత పోతుంది. పోనీయండి.

2013లో నేను ఇలాంటి గోడే తీశాను. స్నేహితుడి ఇల్లు. "మనోడివేగా, పర్మిట్ ఎందుకు, కొత్త ఏడాదికి అయిపోవాలి" అన్నాడు. తొమ్మిదడుగుల ఖాళీ. రెండు టూ బై టెన్ చెక్కలు కలిపి దూలంగా ఎక్కించాను. ఏ లెక్కా వేయలేదు. కంటికి బాగానే కనిపించింది. రంగు వేశాక అందరూ మెచ్చుకున్నారు. ఏడాదిన్నర తర్వాత ఉగాది పంక్తిలో వాళ్ళావిడ పులిహోర వడ్డిస్తూ, "అన్నయ్యా, పైన బాబు గది తలుపు పడటం లేదు. చెక్క ఉబ్బిందేమో చూస్తారా?" అంది. బాత్రూము టైలు కూడా ఒకటి చీలిందట. నాకు ముద్ద దిగలేదు. మర్నాడు దారం కట్టి చూస్తే దూలం మధ్యలో ముప్పావు అంగుళం కిందకి దిగి ఉంది. ఏడాదిన్నరగా ఆ పిల్లవాడు దాని మీదే పడుకుంటున్నాడు.

ఇంజినీరుని పిలిచి, జరిమానా కట్టి, పర్మిట్ తీసుకుని, మళ్ళీ మొదటి నుంచి చేశాను. నా జేబులోంచి 6,000 పైనే పోయింది. వాళ్ళు నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

ఇదంతా ఆ కుర్రాడికి చెప్పాను. "నువ్వు భయపెడుతున్నావన్నా. అప్పుడు నీకు అనుభవం లేదు, ఇప్పుడుంది కదా" అన్నాడు. అదీ నిజమే. కానీ అనుభవం వచ్చాక తెలిసింది ఒక్కటే. దూలం పట్టేది నా అనుభవం చూసి కాదు, లెక్క చూసి.

వెళ్ళిపోదామని లేచాను. అప్పుడు పాప కిటికీ దగ్గర నిలబడి ఉంది. కిటికీ గట్టు సరిగ్గా పాప గడ్డం ఎత్తులో ఉంది. రెండు చేతులూ దాని మీద పెట్టి బయట మంచు చూస్తోంది. గట్టు మీద రంగు పొలుసులు పొలుసులుగా లేచి ఉంది.

ఇది 1956 ఇల్లు. అమెరికాలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. అంతకు ముందు కట్టిన ఇళ్ళలో అడుగు పొరల్లో సీసం ఉండే అవకాశం ఉంది. గోడ మీద కదలకుండా ఉన్నంతసేపు దాని మానాన అది ఉంటుంది. గీకినా, కోసినా, కూలగొట్టినా పిండిలా లేస్తుంది. కంటికి కనపడని ఆ ధూళి నేల మీద పడుతుంది. పాకే పిల్లల చేతులకి అంటి నోట్లోకి పోతుంది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలని అది దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫరవాలేదు అని చెప్పగలిగిన మోతాదంటూ లేదు. ఈ రాష్ట్రంలో పిల్లలకి ఒకటో ఏడూ రెండో ఏడూ రక్తపరీక్ష చేయించమనేది అందుకే.

వ్యానులోంచి పరీక్ష కిట్ తెచ్చాను. గోడ మీద వంటింటి వైపు మూలన చిన్న గాటు పెట్టి, అన్ని పొరలూ తగిలేలా రుద్దాను. రంగు మారింది. కిటికీ గట్టు దగ్గరా మారింది.

ఆ అమ్మాయి ఇంతసేపూ ఏమీ మాట్లాడలేదు. వచ్చి పాపని ఎత్తుకుని, కొంగుతో రెండు అరచేతులూ తుడిచింది. "అన్నయ్యా, ఆ రెండు రోజుల్లో చేసేవాళ్ళు ఈ దుమ్ముకి ఏం చేస్తారు?" అంది.

"వాళ్ళ సంగతి నాకు తెలియదమ్మా. నేను ఏం చేయాలో మాత్రం రాసిపెట్టి ఉంది."

2010 ఏప్రిల్ నుంచి దీనికి కేంద్ర ప్రభుత్వ నిబంధన ఉంది. 1978కి ముందు ఇంట్లో ఒక గదిలో ఆరు చదరపు అడుగులకి మించి రంగు ఉన్న చోటు కదిలిస్తే ఆ పద్ధతులు పాటించాలి. చేసే సంస్థకి ధ్రువపత్రం ఉండాలి. పని నడిపించేవాడు ఎనిమిది గంటల శిక్షణ తీసుకుని ఉండాలి. పని మొదలెట్టక ముందే ఇంటివాళ్ళకి 'రెనొవేట్ రైట్' అనే చిన్న పుస్తకం ఇవ్వాలి. పని జరిగే చోటుని ప్లాస్టిక్ పరిచి, గుమ్మాలు మూసి, మిగతా ఇంటి నుంచి వేరు చేయాలి. మామూలు వ్యాక్యూమ్ పనికిరాదు, ఆ సన్నటి దుమ్ముని అది వెనక నుంచి ఊదేస్తుంది. హెపా వ్యాక్యూమే వాడాలి. చివర తడిబట్టతో తుడిచి, తుడిచిన బట్టని నమూనా కార్డుతో పోల్చి చూడాలి. ఇవన్నీ 14,000లో ఉన్నాయి. 4,500లో ఉండే వీలు లేదు.

ఇల్లు కూలుతుందంటే కదలని మాట, దుమ్ము అనేసరికి కదిలింది. ఎవరి భయం వాళ్ళది. నేను పుస్తకం బల్ల మీద పెట్టి వచ్చేశాను.

రెండు రోజులు ఫోన్ రాలేదు. శుక్రవారం జీతాలు క్రెడిట్ కార్డు మీద అప్పు తీసి ఇచ్చాను. మూడో రోజు రాత్రి మెసేజ్ వచ్చింది: "గోడతోనే పాలు పొంగిస్తాం అన్నా. పర్మిట్‌కి పెట్టు. ధర కొంచెం చూడు." చూశాను. 13,200కి ఒప్పుకున్నాం. సంతకం పెట్టే ముందు మామూలుగా చెప్పే మాట చెప్పాను. ఇక్కడ 500 డాలర్లు దాటిన ఇంటి పనికి రాతకోతలుండాలి, సంతకం పెట్టాక కూడా మూడు పని దినాల్లోపు మీరు రద్దు చేసుకోవచ్చు అని.

గృహప్రవేశానికి నన్నూ పిలిచారు. ఇరుకు వంటింట్లో పదిహేను మంది ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగి చూస్తుండగా పాలు పొంగాయి. చెక్క గడప పగలకుండా పెద్దాయన కూరగాయల పీట అడ్డం పెట్టి కొబ్బరికాయ కొట్టారు. కిటికీ గట్టుకి తడిబట్ట పెట్టి, ప్లాస్టిక్ అంటించి, దాని ముందు సోఫా జరిపారు. హోమం పొగకి మోగకుండా ఎవరో స్మోక్ అలారానికి షవర్ క్యాప్ తొడిగారు. భోజనం చేసి వెళ్ళే ముందు దాన్ని నేనే తీశాను. మీ ఇంట్లో ఎవరైనా తొడిగి ఉంటే ఇది చదవడం ఆపి, ముందు వెళ్ళి తీసి రండి.

పర్మిట్ మార్చి మొదటి వారంలో వచ్చింది. అందులో ఇంజినీరు ఒక మాట రాశాడు. కొత్త దూలం రెండు కొసల కిందకీ బరువు దిగుతుంది కాబట్టి, బేస్‌మెంట్‌లో ఒక కొస కింద కొత్త పునాదీ, ఇనుప స్తంభమూ వేయాలని. నేను మొదటి రోజు చూసింది పైన జాయిస్టులనీ కింద దూలాన్నీ. ఆ కొస సరిగ్గా ఎక్కడ దిగుతుందో కొలవలేదు. 1,800 పెరిగింది. ఎవరు పెట్టుకోవాలని కొంత మాటా మాటా అనుకున్నాం. చివరికి చెరిసగం. నేల కోసేటప్పుడు రంపానికి నీళ్ళు పెట్టుకుని కోశాం. సిమెంటు పొడి పీల్చడం కూడా ఊపిరితిత్తులకి చేటే. గుంట తవ్వాక ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సరేనన్నాకే కాంక్రీటు పోశాం.

దూలం ఎక్కించిన రోజు ఆ పెద్దాయన లేరు. అంతకు ముందు వారమే టికెట్. కుర్రాడు వీడియో కాల్‌లో చూపించాడు. పల్చటి చెక్క పొరల్ని జిగురుతో అతికించి చేసిన ఎల్‌వీఎల్ పలకలు మూడు, బోల్టులు వేసి బిగించి ఉన్నాయి. తెనాలిలో అర్ధరాత్రి దాటింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, "మందం ఎంత బాబూ?" అని అడిగారు. టేపు కొక్కెం తగిలించి చూపించాను.

"ఐదుంపావు."

"చాలుతుందా?"

"లెక్క వేసి ఇచ్చారండీ."

"అయితే చాలు" అని ఫోన్ పెట్టేశారు.

ఇక మీరడిగిన ప్రశ్న. గోడ తీయడానికి ఎంతవుతుంది? అది ఏ గోడో చూడకుండా ఫోన్‌లో ధర చెప్పేవాడి దగ్గర ఆగండి. మీ వంతుగా మీరు చేయగలిగినవి ఇవి. బేస్‌మెంట్‌లోకి దిగి, ఆ గోడ కింద దూలమో స్తంభాలో ఉన్నాయేమో చూడండి. జాయిస్టులు గోడకి అడ్డంగా వెళ్తున్నాయా, గోడ వెంటే వెళ్తున్నాయా చూడండి. అడ్డంగా వెళ్తుంటే అనుమానించండి, వెంట వెళ్తున్నా నమ్మేయకండి, చెప్పాల్సింది ఇంజినీరే. ఇల్లు 1978కి ముందుదైతే సీసం సంగతి మీరే అడగండి. కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్ నంబరూ, ఇన్సూరెన్సు కాగితమూ చూపించమనండి. నేనైనా సరే, చూపించమనండి. మొహమాటపడకండి. మన మనిషే కదా అన్న మొహమాటంతోనే 2013లో నేను ఆ దూలం ఎక్కించాను.

కిటికీ గట్టు సంగతి అడుగుతారేమో. గోడతో పాటే దాన్నీ తీసి కొత్తది పెట్టాం. పాపకి రక్తపరీక్ష చేయించారు. డాక్టరు భయం లేదన్నారట. ఆ మాట చెప్పడానికి ఆ అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను నిచ్చెన మీదున్నాను. దిగి, కాసేపు నిచ్చెన మెట్టు మీదే కూర్చున్నాను.

వచ్చే నెల: తాలింపు పొగ బయటికి పోని వంటింటి ఫ్యాన్లు, వాటిని ఇల్లు కొనేముందే ఎలా కనిపెట్టాలి.